జిన్‌సెంగ్ అంటే ఒక్క వేరు కాదు: ఏది కొరియాది, ఏది అమెరికాది, ఏది మన పెన్నేరు (అశ్వగంధ), ఎలగ వాడాలి

పోయిన వానాకాలంలో ఒక పెద్దాయన మా షాపుకి రేకు డబ్బా ఒకటి పట్టుకుని వచ్చారు. మాది శ్రీకాకుళంలో చిన్న మెడికల్ షాపు, ఏడు రోడ్ల జంక్షన్‌కి కొంచెం అవతల, బీఫార్మసీ అయ్యాక పదకొండేళ్లుగా నేను ఆ కౌంటర్ దగ్గరే ఉంటన్నాను. "బావూ, మావోడు షిప్పు దిగి వస్తా ఇది అట్టుకొచ్చాడు, కొరియాదంట, బలానికంట, దీని మీద రాసింది నాకేటీ తెలవట్లేదు, కాస్త సూసి ఎలగ తినాలో సెప్పు" అన్నారు. మూత తీశాను. లోపల ఎర్ర గోధుమ రంగు వేళ్లు, లైటు కింద పెడితే అంచులు గాజులాగ మెరుస్తన్నాయి, గోటితో కొడితే టక్కుమని రాయి చప్పుడు. ఒక్కో వేరుకి చిన్న తల, సన్నటి మెడ, లావు పొట్ట, కింద రెండు కాళ్లు, అచ్చం మనిషి బొమ్మ. రెడ్ జిన్‌సెంగ్, అసలు సరుకే, అందులో అనుమానం లేదు. కానీ "రోజూ ఏయే మందులు వాడతన్నారు తాతగారూ" అని అడిగితే చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశారు, అందులో మొదటి మందే వార్ఫరిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది. గుండెలో వాల్వు మార్పించుకున్నారంట. ఆ డబ్బా మూత నేనే మళ్లీ బిగించేశాను, డాక్టరుగారిని అడక్కుండా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టొద్దని చెప్పాను.

మన జిల్లాల్లో షిప్పుల మీద పనిచేసే పిల్లలు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, బూసాన్ పోర్టులోనో సింగపూర్‌లోనో దిగినప్పుడు అమ్మకి నాన్నకి ఇలగ ఏదో ఒకటి ప్రేమగా కొని తెస్తారు. ఇంకొకళ్లు ఆన్‌లైన్‌లో సైబీరియన్ జిన్‌సెంగ్ అని తెప్పించుకుంటారు, ఇంకొకళ్లు ఇండియన్ జిన్‌సెంగ్ అని రాసున్న చూర్ణం డబ్బా చూపించి కొరియాదీ ఇదీ ఒకటేనా అని అడుగుతారు. ఒకటి కాదు. పేరు ఒకటే గాని మొక్కలు వేరు, కొన్నిటికైతే చుట్టరికం కూడా లేదు, పని వేరు, పడని వాళ్లు వేరు. అందుకే ఏ వేరు ఏదో ఎలగ గుర్తుపట్టాలి, పాతకాలం నుంచి దేన్ని దేనికి వాడతన్నారు, మన వంటింట్లో ఎలగ చేసుకోవాలి, ఎవరు ముట్టకూడదు, ఇవన్నీ ఒకచోట రాసి పెడతన్నాను.

మొట్టమొదట చెయ్యాల్సింది లేబుల్ వెనక వైపు తిప్పడం. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఏం రాసున్నా పట్టించుకోవద్దు, వెనక సన్న అక్షరాల్లో మొక్క శాస్త్రీయ నామం ఉంటాది, అది చూడండి. రెండు మాటల్లో మొదటి మాట పానాక్స్ అని ఉంటే అది జిన్‌సెంగ్ కుటుంబం, లేకపోతే కాదు. ఈ గొడవ మనకే కాదు అమెరికాలో కూడా ఉండేది, 2002లో వాళ్లు చట్టమే చేసుకున్నారు, పానాక్స్ జాతి మొక్కలకి తప్ప ఇంక దేనికీ జిన్‌సెంగ్ అని పేరు పెట్టి అమ్మకూడదని. పానాక్స్ అన్న మాటకి గ్రీకులో అన్ని రోగాలూ కుదిర్చేది అని అర్థం, చైనావాళ్లు రెన్‌షెన్ అంటారు, అంటే మనిషి వేరు. పానాక్స్ తర్వాత వచ్చే రెండో మాటే అసలు సంగతి చెప్తాది. జిన్‌సెంగ్ అని ఉంటే కొరియా, చైనా రకం. క్విన్‌క్వెఫోలియస్ అని ఉంటే అమెరికాది. నోటోజిన్‌సెంగ్ అని ఉంటే చైనా యున్నాన్ వైపు దొరికే సాన్‌చీ. మన దేశంలో కూడా సిక్కిం, అరుణాచల్ కొండల్లో పానాక్స్ మొక్కలు ఉన్నాయి గాని అవి మన దాకా వచ్చే సరుకు కాదు.

కొరియా రకం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే మన ఊళ్లకి వచ్చే డబ్బాల్లో ఎక్కువ ఇవే. దీన్లో తెల్లది, ఎర్రది అని రెండు చూసి రెండు మొక్కలనుకుంటారు చాలామంది, మొక్క ఒకటే. మనకి పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం ఎలగో ఇదీ అలగే. భూమిలోంచి తీసిన వేరుని కడిగి, పై తోలు గీకి ఎండబెడితే తెల్ల జిన్‌సెంగ్, దానికి సాధారణంగా నాలుగేళ్లు పైబడిన వేరు వాడతారు. ఆరేళ్ల వేరుని తోలుతోనే రెండు మూడు గంటలు ఆవిరి మీద ఉడికించి అప్పుడు ఎండబెడితే రెడ్ జిన్‌సెంగ్. ఉప్పుడు ధాన్యం ఆవిరి పట్టాక లోపలి పిండి గట్టిపడి గింజ గాజులాగ అవుతాది కదా, ఈ వేరులో కూడా జరిగేది అదే, అందుకే ఆ మెరుపు, ఆ గట్టిదనం. ఆవిరికి వేరులో ఉన్న జిన్‌సెనోసైడ్లు అనే పదార్థాలు కొన్ని వేరే రకాలుగా మారతాయి, పచ్చిదాన్లో పెద్దగా లేనివి ఎర్రదాన్లో వస్తాయి, కొరియావాళ్లు ఎర్రదాన్ని ఇంకా వేడి చేసేది, ఇంకా బలమైనది అని చెప్పేది ఇందుకే. ఎర్ర వేళ్ల డబ్బా మీద 10, 20, 30 అని అంకెలు ఉంటే అవి 600 గ్రాముల లెక్కకి ఎన్ని వేళ్లు తూగుతాయో చెప్పేవి, అంకె చిన్నదైతే వేరు పెద్దది, ఖరీదు ఎక్కువ.

వేరు వయసు తెలుసుకోవాలంటే మెడ చూడండి. ప్రతి ఏడూ చలికాలంలో కాడ ఎండి రాలిపోతాది, రాలిన చోట మెడ మీద ఒక మచ్చ మిగులుతాది, ఆ మచ్చలు లెక్కపెడితే ఇంచుమించు వయసు తెలుస్తాది. తల, మెడ కోసేసి అమ్మే ముక్కల్లో ఈ గుర్తు పోతాది కాబట్టి కొంటే నిండు వేరే కొనమని చెప్తాను. చిన్న ముక్క నవిలితే ముందు చేదు, కాసేపటికి గొంతులో సన్నగా తీపి తగలాలి.

చైనా, కొరియా వైద్యంలో దీన్ని వాడేది నీరసానికి. మామూలు అలసటకి కాదు, పెద్ద జబ్బు చేసి లేచినవాళ్లకి, రక్తం పోయి తేలిపోయినవాళ్లకి, తిన్నది ఒంటికి పట్టక, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చే ముసలివాళ్లకి. వాళ్ల లెక్కలో ఇది వేడి చేసే వేరు, ప్రాణశక్తిని నింపేది. జలుబు, జ్వరం మీద ఉన్నప్పుడు మాత్రం ఇవ్వరు, దొంగ ఇంట్లో ఉండగా తలుపేసినట్టు అని వాళ్ల మాట, అంటే జబ్బుని లోపలే ఉంచేసి తాళం వేసినట్టు. కొరియాలో మండుటెండల్లో మూడు రోజులు లెక్కపెట్టుకుని మరీ కోడిపిల్ల పొట్టలో జిగురు బియ్యం, వెల్లుల్లి, రేగిపండు జాతి ఎండు పళ్లు, ఒక పచ్చి జిన్‌సెంగ్ వేరు కూరి ఉడకబెట్టుకుని తింటారు, సామ్‌గ్యెతాంగ్ అంటారు. జ్వరం పడి లేచినవాళ్లకి మన ఇళ్లల్లో నాటుకోడి పులుసు పెడతారు కదా, ఆ ఆలోచనే.

అమెరికా రకం కథ నాకు చాలా ఇష్టం. 1716లో కెనడాలో మాంట్రియల్ దగ్గర ఉండే లఫితో అనే ఫ్రెంచి మతగురువు, చైనా నుంచి ఇంకో మతగురువు రాసిన జిన్‌సెంగ్ వర్ణన చదివి, ఇక్కడి అడవి కూడా అలాంటిదే కదా అని వెతికి, అక్కడి మోహాక్ ప్రజలకి ఆ మొక్క ముందే తెలుసని తెలుసుకున్నాడు. తర్వాత 1784లో న్యూయార్క్ నుంచి చైనాకి వెళ్లిన మొట్టమొదటి అమెరికా వాణిజ్య ఓడలో ముఖ్యమైన సరుకు ఈ వేరే. అంటే ఈ వేళ్లు ఓడల మీద ఊళ్లు దాటడం ఇప్పటిది కాదు. చైనా వైద్యులు దీన్ని తిని చూసి ఇది మన వేరులాగ వేడి చెయ్యదు, చలవ చేస్తాది అన్నారు. అప్పట్నుంచి వాళ్లు దీన్ని వాడేది నోరు ఎండిపోవడం, పొడి దగ్గు, జ్వరం తగ్గాక మిగిలిపోయే దాహం, లోపల మంట, నిద్ర చాలని నీరసం ఉన్నవాళ్లకి. వేరు పొట్టిగా, లావుగా, ఒంటి చుట్టూ గాజులు వేసినట్టు అడ్డంగా ముడతలు ఉంటాయి, చేదు కొరియాదానికన్నా గట్టిగా తగులుతాది. ఎక్కువ పండేది విస్కాన్సిన్, అంటారియో తోటల్లో. అడవిదాన్ని తవ్వి తవ్వి తరిగిపోతంటే 1975లోనే అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో పెట్టారు. కేన్సర్ వైద్యంలో ఉన్నవాళ్ల నీరసం మీద అమెరికాలో పరీక్షించి 2013లో ఫలితాలు అచ్చువేశారు, రోజుకి 2 గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇస్తే కొంత తేడా కనిపించింది, అలాగని కీమో జరుగుతుండగా మన ఇష్టానికి మొదలుపెట్టేది కాదు, ఆ డాక్టరు ఒప్పుకుంటేనే.

మన వాతావరణానికి, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో, ఈ రెంటిలో ఏది అని ఎవరైనా అడిగితే నేను అమెరికా రకమే చెప్తాను. అది చైనా వైద్యుల లెక్క మీద నాకు కుదిరిన నమ్మకం, పైగా మా ఇంట్లో జరిగింది చూశాక, అదేటో కింద చెప్తాను.

సాన్‌చీ సంగతి వేరు. చూడ్డానికి మనిషిలాగ ఉండదు, పిడికిలి బిగించినట్టు బుడిపెల బుడిపెల గడ్డ, బూడిద నలుపు, ఇనుములాగ గట్టి. ఇది బలానికి కాదు, రక్తానికి. దెబ్బ తగిలి కమిలినచోట, రక్తం గడ్డకట్టినచోట, ముక్కులోంచో ఇంకెక్కడి నుంచో రక్తం కారుతున్నప్పుడు చైనావాళ్లు దీని పొడి వాడతారు. పచ్చిది గడ్డ కరిగించడానికి, వండినది బలానికి అని వాళ్ల పాత మాట. రక్తంతో ఆడుకునే వేరు కాబట్టి నాకైతే ఇది ఇంట్లో సొంతంగా వాడుకునేది అనిపించదు, కడుపుతో ఉన్నవాళ్లకైతే వాళ్ల వైద్యంలోనే నిషేధం.

సైబీరియన్ జిన్‌సెంగ్ అని అమ్మేది అలాంటి లావు దుంపే కాదు, ముళ్లు ఉండే పొద వేరు. శాస్త్రీయ నామం ఎల్యుథెరోకాకస్ సెంటికోసస్. పానాక్స్‌కి దూరపు చుట్టమే గాని జిన్‌సెనోసైడ్లు ఇందులో ఉండవు, ఎల్యుథెరోసైడ్లు అని వేరేవి ఉంటాయి. సోవియట్ రోజుల్లో బ్రెఖ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఖరీదైన జిన్‌సెంగ్‌కి బదులు తమ అడవుల్లో కుప్పలుగా దొరికేదాన్ని వెతుకుతా దీని మీద పనిచేశాడు, ఒత్తిడి తట్టుకోవడానికి, ఎక్కువసేపు పనిచేసేవాళ్లకి వాడారు. జర్మనీ మూలికల కమిటీ రోజుకి 2 నుంచి 3 గ్రాములు, మూడు నెలలకి మించకుండా అని చెప్పి, బీపీ ఎక్కువ ఉన్నవాళ్లు వాడకూడదని కూడా రాసింది. ఆ రెండో ముక్క ఆన్‌లైన్ ప్రకటనల్లో నాకు ఎక్కడా కనపళ్లేదు.

ఇక మన పెన్నేరు. అశ్వగంధ. ఇండియన్ జిన్‌సెంగ్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు గాని దానికి అరువు పేరు ఎందుకో నాకు తెలవదు, వంకాయ, టమాటా కుటుంబం మొక్క, జిన్‌సెంగ్‌తో ఏ చుట్టరికమూ లేదు, వేల ఏళ్ల సొంత చరిత్ర ఉంది. చరకసంహితలో బలం ఇచ్చే మూలికల గుంపులో ఒకసారి, ఒంటికి కండ పట్టించే గుంపులో ఇంకోసారి దీన్ని చెప్పారు. మధ్యప్రదేశ్ నీమచ్, మందసౌర్ వైపు, రాజస్థాన్ నాగౌర్ వైపు ఎక్కువ పండుతాది, ఆరేళ్లు అక్కర్లేదు, వానాకాలంలో జల్లితే అయిదారు నెలల్లో వేరు చేతికొస్తాది, అందుకే జిన్‌సెంగ్ ధరలో ఎన్నో వంతు కూడా ఉండదు. వేరు తీసి చూడండి, పెన్సిల్ లావు, తిన్నగా, కొమ్మలు పెద్దగా లేకుండా, పైన మట్టిరంగు, విరిస్తే ఫట్‌మని విరిగి లోపల తెల్లటి పిండి. గుర్రం వాసన అని పేరులోనే ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తాది. పొడి కొంటే తెలుపు, లేత పసుపు కలిసిన రంగులో ఉండాలి, పచ్చదనం తగిలితే ఆకు కలిపారని అనుమానించండి. ఆకు వాడొద్దు, వేరే వాడండి అని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకి చెప్పింది కూడా.

పెన్నేరుకీ జిన్‌సెంగ్‌కీ మన అనుభవంలో తెలిసే తేడా ఏటంటే, జిన్‌సెంగ్ లేపుతాది, పెన్నేరు పడుకోబెడతాది. పొద్దున్న తాగాల్సింది అది, రాత్రి పాలల్లో తాగాల్సింది ఇది. మనసు కుదురు లేక, నిద్ర పట్టక, ఒళ్లు చిక్కిపోయి, కీళ్లు లాగుతున్న మనిషికి పెన్నేరు. మంచం దిగడానికే ఓపిక లేని మనిషికి జిన్‌సెంగ్. మన దగ్గరకొచ్చి నీరసం అని చెప్పేవాళ్లలో సగం మందికి నిద్ర లేకే నీరసం, వాళ్లకి వేలు పోసి కొరియా డబ్బా కొనే పనే లేదు.

మాకా అని పెరూ నుంచి వచ్చేది ముల్లంగి, ఆవాల కుటుంబం, దాన్ని పెరూవియన్ జిన్‌సెంగ్ అంటారు. బ్రెజిలియన్ జిన్‌సెంగ్ అనేది తోటకూర కుటుంబం. రెండూ వాటి దేశాల్లో తినే, వాడే దుంపలే, జిన్‌సెంగ్ మాత్రం కావు.

విజయనగరం సిరిమానోత్సవం రోజుల్లో మా పిన్ని కొడుకు రోడ్డు పక్క దుకాణంలో కొరియా జిన్‌సెంగ్ అని అంటే ఒక కట్ట కొని తెచ్చాడు. ఒకే మొదలు నుంచి గుత్తిగా వచ్చిన వేలంత వేళ్లు, మెడ లేదు, మచ్చలు లేవు, ఒకటి నీళ్లల్లో నానబెట్టి చీలిస్తే మధ్యలో దారంలాగ గట్టి పీచు, నాలిక మీద జిగురు, తీపి. పిల్లితేగలు. శతావరి అంటారు కదా, అదే, మంచి మూలికే, మన్యం సంతల్లో సవరవాళ్లు తెచ్చి అమ్మేదే. దాని పేరు చెప్పి దాని ధరకి అమ్మితే ఎవరికీ నష్టం లేదు, పది రెట్లు పెట్టి కొన్నాడు. పాపం వాళ్లమ్మ కోసం కొన్నాడు.

ఇప్పుడు చేసుకునే పద్ధతి. ఎర్ర వేరు కత్తికి లొంగదు, బలవంతంగా కొడితే చెయ్యి తెగుతాది. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక పై రేకులో వేరు పెట్టి అయిదారు నిమిషాలు ఆవిరి పట్టండి, మెత్తబడతాది, అప్పుడు పదునైన కత్తితో రూపాయి బిళ్ల మందం కన్నా పల్చగా చక్రాలు కోసి, నీడలో పూర్తిగా ఆరబెట్టి సీసాలో వేసుకోండి. ఒకసారి కోస్తే నెలకి సరిపోతాది. రోజుకి 1 గ్రాముతో మొదలుపెట్టండి, 2 గ్రాములు దాటొద్దు. చైనా వైద్యులు 3 నుంచి 9 గ్రాముల దాకా ఇస్తారు గాని అది వాళ్లు నాడి చూసి ఇచ్చేది, మనం సొంతంగా చేసుకునేటప్పుడు జర్మనీ కమిటీ చెప్పిన 1, 2 గ్రాములే క్షేమం. గ్రాము అంటే ఎంతో చేత్తో అంచనా వెయ్యొద్దు, వంటింటి డిజిటల్ కాటా లేకపోతే బంగారం కొట్టు అతన్ని అడిగితే ఒకసారి తూచి ఇస్తాడు, ఎన్ని చక్రాలు వస్తాయో చూసి పెట్టుకోండి. స్టీలు గిన్నెలోనో మట్టి పాత్రలోనో రెండు గ్లాసుల నీళ్లు పోసి, ముక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద గ్లాసు అయ్యేదాకా మరగనివ్వాలి, అరగంట పైనే పడుతుంది, ఇనప పాత్ర వద్దని పాత ఆచారం. గోరువెచ్చగా ఉదయం టిఫిన్‌కి ముందు తాగండి. అదే ముక్కలు ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు ఉదయం ఇంకోసారి మరిగించుకోవచ్చు, ఆ తర్వాత మెత్తబడిన ముక్క నమిలి తినేయొచ్చు. అదే పూట స్ట్రాంగ్ కాఫీ తాగితే గుండె దడదడలాడుతాది, కాఫీ తగ్గించుకోండి. రెండు మూడు వారాలు వాడి వారం పది రోజులు ఆపండి, మొత్తం మూడు నెలలు దాటించొద్దు.

ఉదయం అని ఎందుకు అంత గట్టిగా చెప్తన్నానంటే, మా బావ కూడా షిప్పులోనే, రెండేళ్ల కింద రెడ్ జిన్‌సెంగ్ పాకం సీసా తెచ్చాడు, నల్లగా బెల్లం పాకంలాగ ఉంటాది, చిన్న చెంచా కూడా లోపలే ఉంటాది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, నీరసం, నేను రాత్రి భోజనం అయ్యాక వేడినీళ్లల్లో కలిపి ఇచ్చాను, పాలు తాగే అలవాటు టైము కదా అని. మూడు రాత్రులు ఆవిడకి నిద్ర లేదు, చెప్పలేదు కూడా, కొడుకు ఇచ్చిన మందు కదా అని. నాలుగో రోజు తల బరువుగా ఉందంటే బీపీ చూశాను, ఎప్పుడూ 130 దాటనిది 168 ఉంది. ఆపేశాక వారంలో మామూలయింది. పాకం అంటే వేరు సారం మొత్తం చిక్కబెట్టింది, చెంచాడే కదా అనుకుంటాం, అది వేరు ముక్క లెక్క కాదు. ఆ రాత్రులు ఆవిడ ఒక్కర్తీ మంచం మీద కూర్చుని ఉందన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

క్యాప్సూల్ కొంటే దాని మీద ఎక్స్‌ట్రాక్ట్ ఎన్ని మిల్లీగ్రాములు, జిన్‌సెనోసైడ్లు ఎంత శాతం అని రెండూ ఉండాలి. పరీక్షల్లో ఎక్కువ వాడింది 4 శాతం ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ రోజుకి 200 మిల్లీగ్రాములు, అది ఇంచుమించు 1 గ్రాము వేరుతో సమానం. మన కౌంటర్లలో జిన్‌సెంగ్ అని బొమ్మ వేసి అమ్మే మల్టీవిటమిన్లలో 40 చిల్లర మిల్లీగ్రాములే ఉన్నవి నేను చూశాను, వాటిలో హుషారు వస్తే అది విటమిన్ల పుణ్యమే.

పెన్నేరుకి పాల కషాయం చేసుకోండి, చూర్ణం నోట్లో వేసుకుని నీళ్లు తాగడం కన్నా కడుపుకి హాయిగా ఉంటాది. ఆయుర్వేదంలో లెక్క ఒకటికి ఎనిమిది పాలు, ముప్ఫైరెండు నీళ్లు. అంటే 5 గ్రాముల చితక్కొట్టిన వేరుకి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు, నీళ్లన్నీ ఇగిరి పాలంత మిగిలేదాకా సన్న సెగ మీద కలుపుతా ఉండాలి, అడుగంటకుండా. వడకట్టి, పటికబెల్లం కొంచెం వేసి పడుకునే ముందు. చూర్ణమే వాడేవాళ్లకి రోజుకి 3 నుంచి 6 గ్రాములు, 3తో మొదలుపెట్టండి, విరేచనాలు అయితే తగ్గించండి.

ఎవరు వాడకూడదో ఇది మాత్రం వేగంగా చదివి వదిలేయొద్దు. వార్ఫరిన్ వాడేవాళ్లకి ఏ జిన్‌సెంగూ వద్దు. 2004లో అచ్చయిన ఒక పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న 20 మందికి వార్ఫరిన్ ఇస్తా కొంతమందికి అమెరికన్ జిన్‌సెంగ్ కూడా రెండు వారాలు ఇచ్చారు, వార్ఫరిన్ పని తగ్గిపోయింది, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే లెక్క) పడిపోయింది. వాల్వు ఉన్న మనిషికి అది పడిపోతే వాల్వు మీద రక్తం గడ్డకట్టొచ్చు. మొదట చెప్పిన పెద్దాయన డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన కూడా ఇదే మాట అన్నారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి జిన్‌సెంగ్, పెన్నేరు రెండూ షుగరుని ఇంకొంచెం దించగలవు, చెమటలు పట్టి కళ్లు తిరిగితే అదే. బీపీ ఎక్కువున్నవాళ్లు కొరియాది, సైబీరియాది ముట్టొద్దు. ఆపరేషన్ ఉంటే కనీసం వారం ముందు ఆపేయాలి, మత్తు ఇచ్చే డాక్టరుకి ఈ సంగతి తప్పక చెప్పాలి. థైరాయిడ్ మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాళ్లు పెన్నేరు అడిగి వాడాలి, అది థైరాయిడ్‌ని ఎక్కువ చేయగలదు, లివర్ దెబ్బతిన్న కేసులు కూడా వచ్చాయి, కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగైనా వెంటనే ఆపేయండి. కడుపుతో ఉన్నవాళ్లకి, పాలిచ్చే తల్లులకి ఇవేవీ వద్దు, బాలింతకి కాయం పెట్టే ఇంట్లో బలం కోసం ఇది కూడా కలుపుదాం అని ఎవరైనా అంటే వద్దని చెప్పండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం వాళ్లకి ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ఈ వైపు నుంచి క్రియాటినిన్ (కిడ్నీ ఎలగ పనిచేస్తందో చెప్పే రక్త పరీక్ష) కాగితాలు పట్టుకుని మా దగ్గరికి రోజూ వస్తారు, డయాలసిస్‌కి వెళ్లే ఓపిక కోసం ఏదైనా వేరు ఉందా బాబూ అని అడుగుతారు. ఆ ప్రశ్న వినడమే కష్టంగా ఉంటాది. కిడ్నీ దెబ్బతిన్న ఒంటికి ఏ వేరు పొడీ సొంతంగా వెయ్యొద్దు, శుభ్రత తెలియని చూర్ణాల్లో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు, కిడ్నీ వాటిని బయటికి పంపలేదు, పొటాషియం కూడా పెరగొచ్చు. క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందని ఒక్కసారి చెప్పినా చాలు, నెఫ్రాలజీ డాక్టరు సరేననే దాకా జిన్‌సెంగ్ కాదు, పెన్నేరు కూడా వద్దు.

మీరు వాడే మందుల చీటీ, ఈ డబ్బా, రెండూ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికో మీ ఊరి మెడికల్ షాపుకో వెళ్లి ఒకేసారి చూపించండి. ఒకటి చూపించి రెండోది ఇంట్లో పెట్టేస్తే అడిగినా ఉపయోగం లేదు. పెన్నేరు చూర్ణమైతే ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ ఉన్నదే తీసుకోండి, కవర్లో పోసి రబ్బరు వేసిచ్చేది వద్దు.

దాచుకోవడం మన దగ్గర పెద్ద పనే, సముద్రపు గాలి. ఎర్ర వేరు కొంచెం తట్టుకుంటాది, తెల్లదానికి పురుగు త్వరగా పడుతుంది, పొడి రెండు వానలకే ఉండ కడుతుంది. గట్టి మూత ఉన్న గాజు సీసాలో, మందు సీసాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లం ఒకటి వేసి, ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టండి. సీసా ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తీయొద్దు, బయటి వేడికి లోపల చెమ్మ పడుతుంది, పావుగంట ఆగి తీయండి. నెలకోసారి వేరు మెడ దగ్గర, కాళ్ల సందుల్లో చూడండి, బూజు మొదలయ్యేది అక్కడే, తెల్లగా దూదిలాగ కనిపిస్తే గీకి కడిగి వాడదామనుకోవద్దు, ఎంత ఖరీదైనదైనా పారేయండి.